మనస్సాక్షిని తీర్చిదిద్దుకొనుట

అప్పులవాడు వాకిట నిలిచి తలుపు తట్టును. లోపల కూర్చున్న తండ్రి మెల్లగా కుమారుని పిలిచి, "నాన్నగారు ఊళ్లో లేరని చెప్పిరా" అని పంపును. పిల్లవాడు వాకిటికి పోయి, "నాన్నగారు ఊళ్లో లేరని చెప్పమన్నారండీ" అని ఉన్నదున్నట్లు చెప్పును. ఈ కథను మనమందరము నవ్వుచు చెప్పుకొందుము. నవ్విన పిమ్మట ఒక్క క్షణము ఆలోచించినచో, ఆ పసివాడు ఎంతటి చిక్కున పడినాడో తెలియును. తండ్రి మాట జవదాటరాదని నేర్పినవారును, అబద్ధమాడరాదని నేర్పినవారును ఒక్కరే. ఇప్పుడా రెండు నీతులును ఎదురెదురుగా నిలిచినవి. ఏది బరువైనదో తూచవలసిన త్రాసు వాని లోపల ఇంకను తయారగుచున్నది. ఆ త్రాసునకే మనము మనస్సాక్షి యని పేరు పెట్టినాము.

పెద్దలమైన మనము ఈ మాటను నిత్యము వాడుచునే యున్నాము గాని, తఱచుగా రెండు విధముల పొరపాటు పడుచున్నాము. "నా మనస్సాక్షికి తప్పనిపించలేదు" అని కొందఱందురు. వారి మాట కొంచెము కదిపి చూచినచో, అచట మనస్సాక్షి లేదు, ఇష్టము మాత్రమే యున్నది. తాటిచెట్టు ఏల ఎక్కితివనగా దూడగడ్డి కొఱకని చెప్పిన సామెత వంటిదే అది. మఱికొందఱు, "పెద్దలు చెప్పినారు, ఊరందఱు చేసినారు, నేనును చేసితిని" అందురు. ఇది నలుగురితో పాటు నారాయణ యనుట. మొదటివారు త్రాసు పళ్లెము క్రింద చింతపండు అంటించి తూచుచున్నారు. రెండవవారు త్రాసునే పొరుగువాని చేతికిచ్చి, వాడు చెప్పిన తూకమును నమ్ముకొని ఇంటికి పోవుచున్నారు.

ఈ రెండు పొరపాట్లకు నడుమ సరియైన త్రోవ ఏది యను ప్రశ్నను కథోలిక క్రైస్తవ ధర్మము ఎట్లు విచారించినదో, ఆ విచారణ ఒక సామాన్య రైతు జీవితమున ఎట్లు పరీక్షకు నిలిచినదో ఈనాటి ప్రసంగమున చెప్పదలచినాము.

కథోలిక తిరుసభ ఈ విషయమున రెండు మాటలు చెప్పును. మనస్సాక్షి నిశ్చయముగా చెప్పిన తీర్పును మనుష్యుడు అనుసరించియే తీరవలెననునది మొదటి మాట. అందఱు మెచ్చినను, లాభము కలిగినను, ఆ తీర్పునకు విరుద్ధముగా నడచుట పాపమే. మనస్సాక్షి పొరపడుటకును వీలున్నది. కావున దానిని సత్యమునకు అనుగుణముగా తీర్చిదిద్దుకొనుట ప్రతివాని విధి యనునది రెండవ మాట. 13వ శతాబ్దమున జీవించిన పునీత తోమాసు అక్వినాసు ఈ రెంటిని కలిపియే బోధించెను. పొరపడిన మనస్సాక్షి కూడ మనుష్యుని బంధించును; అయినను తెలిసికొనదగిన దానిని తెలిసికొనక, అశ్రద్ధ చేత పొరపడినవాడు ఆ పొరపాటును చూపి తప్పించుకొనజాలడు. అనగా "నాకట్లు తోచినది" అను సమాధానము విచారణకు ముగింపు కాదు, ఆరంభము మాత్రమే. అట్లు తోచుటకు ముందు నీవు ఏమి చదివితివి, ఎవరిని అడిగితివి, ఎన్నిసార్లు దేవుని యెదుట మౌనముగా కూర్చుంటివి అని అటుపై ప్రశ్నలు పుట్టును.

1965 డిసెంబరు 7వ తేదీన ద్వితీయ వాటికన్ మహాసభ ప్రకటించిన ఒక పత్రము మనస్సాక్షిని మనుష్యుని అంతరంగములోని గర్భాలయముగా భావించినది. అచట మనుష్యుడు దేవునితో ఏకాంతమున నుండును. మన దేశమున గర్భాలయమనగా ఏమో ఎవరికిని వివరింపనక్కఱలేదు. అచటికి ఎవరు పడిన వారు పోరాదు. పోవువారు స్నానము చేసి, శుచియై పోవలెను. మనస్సాక్షి స్వాతంత్ర్యమును, మనస్సాక్షి శిక్షణమును ఈ ఒక్క పోలికలోనే ఇమిడియున్నవి.

ఇక తూచు విధానము. ఒక పని మంచిదో చెడ్డదో నిర్ణయించుటకు మూడు విషయములు చూడవలెనని కథోలిక నీతిశాస్త్రము చెప్పును: చేయుచున్న పని ఎట్టిది, చేయు ఉద్దేశమేమి, చుట్టునున్న పరిస్థితులెట్టివి. దానము మంచి పని. పేరు కొఱకు చేసినచో ఉద్దేశము దానిని చెఱచును. దొంగిలించుట చెడ్డ పని. దొంగిలించిన ధనమును బీదలకు పంచినంత మాత్రమున అది మంచిది కానేరదు. పరిస్థితులు దోషమును పెంచవచ్చును, తగ్గింపవచ్చును గాని చెడును మంచిగా మార్చలేవు. మంచి ఫలము కొఱకు చెడ్డ పని చేయరాదనునది ఈ త్రాసునకు ములుకు వంటిది.

ఈ మాటలు వినుటకు సులభముగానే యుండును. వీని ధర ఎంతో తెలియుటకు ఆస్ట్రియా దేశమునకు పోవుదము.

ఆ దేశపు ఉత్తర భాగమున, జర్మనీ సరిహద్దున, సాంక్ట్ రాడెగుండ్ అను చిన్న పల్లె యున్నది. అచట 1907 మే 20వ తేదీన ఫ్రాంజ్ యాగర్‌స్టేటర్ జన్మించెను. పెండ్లికాని ఒక పేద పనికత్తె కడుపున పుట్టినాడు. తండ్రి మొదటి ప్రపంచ యుద్ధమున మరణించెను. తరువాత తల్లిని వివాహమాడిన రైతు ఈతనికి తన పేరును, పొలమును ఇచ్చెను. యౌవనమున ఈతడు పునీతుడేమియు కాడు. ఊరిలో మొట్టమొదట మోటారు సైకిలు కొన్నవాడు, ఉత్సాహి, కొంతకాలము ఇనుప గనులలో పని చేసి వచ్చెను, పెండ్లికి ముందే ఒక బిడ్డకు తండ్రి యాయెను. 1936లో ఫ్రాంజిస్కా అను భక్తురాలిని వివాహమాడెను. దంపతులు పెండ్లి యాత్రగా రోముకు పోయివచ్చిరి. క్రమముగా ముగ్గురు కుమార్తెలు కలిగిరి. భార్యాభర్తలిరువురును బైబిలును కలిసి చదువుకొనుచుండిరి. పొలము పనులు చూచుకొనుచునే ఆతడు తఱచుగా దివ్యపూజకు పోవుచుండెను. తరువాత గ్రామ దేవాలయమున పరిచారకుడుగా కుదురుకొనెను.

1938 మార్చిలో హిట్లరు ఆస్ట్రియాను జర్మనీలో కలుపుకొనెను. ఏప్రిలు 10వ తేదీన ప్రజాభిప్రాయ సేకరణము జరిగినది. సాంక్ట్ రాడెగుండ్‌లో వ్యతిరేకముగా పడిన ఓటు ఒక్కటే, అది ఫ్రాంజుది. అధికారులు దానిని కప్పిపుచ్చి, ఊరంతయు ఏకగ్రీవముగా సమ్మతించినదని ప్రకటించిరి. ఆ సంవత్సరము ఆరంభమున ఆతనికి ఒక కల వచ్చియుండెను. అందమైన రైలుబండి ఒకటి కొండను చుట్టి వచ్చుచున్నది. పిల్లలు, పెద్దలు ఒకరినొకరు త్రోసికొనుచు ఎక్కుచున్నారు. ఈ బండి నరకమునకు పోవునదని ఒక స్వరము చెప్పినది. ఆ బండియే నాజీ ఉద్యమమని ఆతడు అర్థము చేసికొనెను.

ఇచట మనమొక విషయము గమనింపవలెను. ఆతడు కలనే నమ్ముకొని ఊరకుండలేదు. కల కలిగించిన సందేహమును అయిదేండ్లు విచారించెను. అదియే మనస్సాక్షిని తీర్చిదిద్దుకొనుట. ఆతని చదువు పల్లెటూరి బడితో ముగిసినది. అయినను బైబిలు, పునీతుల చరిత్రలు, తిరుసభ బోధలు శ్రద్ధగా చదివెను. చదివిన దానిని తన ప్రశ్నలతో పాటు నోటు పుస్తకములలో వ్రాసికొనెను. 1940లో సైన్యమునకు పిలుపు వచ్చినప్పుడు పోయెను. ఎన్స్ పట్టణమున శిక్షణ పొందెను. అచటనే అస్సీసి ఫ్రాన్సిసు మూడవ సభలో చేరెను. 1941లో వ్యవసాయమునకు కావలసినవాడని ఇంటికి పంపివేసిరి. ప్రభుత్వము మనోరోగులను, వికలాంగులను రహస్యముగా చంపించుచున్నదను వార్త ఆ కాలమున ఆతని చెవిని పడినది. అప్పుడాతని ప్రశ్న స్పష్టమైనది. ఇతర దేశములపై అన్యాయముగా పడుచున్న యుద్ధమున తుపాకి పట్టినచో, చంపవద్దను ఐదవ ఆజ్ఞకు తానేమి సమాధానము చెప్పుకొనవలెను? పై అధికారి ఆజ్ఞాపించినాడని దేవుని యెదుట చెప్పిన చెల్లునా?

ఆతడు తనలో తాను తేల్చుకొని తలుపు మూసికొనలేదు. విచారణ గురువులను అడిగెను. తనకు తెలిసిన ఇతర గురువులను అడిగెను. తుదకు లింట్స్ నగరమునకు పోయి మేత్రాణులు యోసేఫు ఫ్లీసర్ గారినే దర్శించెను. పాలకులు చేయు పనులకు ప్రజలు బాధ్యులు కారనియు, భార్యాబిడ్డల సంరక్షణమే ఆతని మొదటి విధి యనియు వారు హితవు చెప్పిరి. తల్లి వేడుకొనెను. బంధువులు కోపగించిరి. మొదట భార్య కూడ ఆతని మనస్సు మార్చుటకు ప్రయత్నించెను. పిదప ఆతని వెంట నిలిచెను. తాను కూడ ఎదురు తిరిగియుండినచో ఆయనకు ఈ లోకమున ఎవ్వరును మిగిలియుండెడివారు కారని ఆమె తరువాతి కాలమున చెప్పెను.

మనలను నిలువరించు ప్రశ్న ఇచటనే యున్నది. తిరుసభ మాట వినవలెనని కదా కథోలికుని శిక్షణము? సాక్షాత్తు మేత్రాణులు చెప్పిన పిమ్మట ఈ రైతు వినకుండుట విధేయత యగునా, అహంకారమగునా?

తొందరపడి సమాధానము చెప్పరాదు. మేత్రాణులు ఆనాడు తిరుసభ సిద్ధాంతమును ప్రకటించుట లేదు. తన యెదుట నిలిచిన ఒక గృహస్థునకు హితము చెప్పుచుండిరి. హితవును గౌరవముతో వినవలెను, నిజాయితీగా తూచవలెను, కాని తూచుట వినువాని పని. సలహా ఇచ్చినవారు తీర్పు దినమున మన బదులు నిలువరు. ఫ్రాంజు తిరుసభ బోధను త్రోసివేయలేదు. ఆ బోధనే, తనకు నేర్పినవారికంటె గట్టిగా, పట్టుకొనెను. అబద్ధమాడరాదని నేర్పిన ఇంటనే అబద్ధము చెప్పుమని పంపబడిన పిల్లవాని చిక్కు ఇదియే కదా!

1943 ఫిబ్రవరిలో మరల పిలుపు వచ్చినది. మార్చి మొదట ఎన్స్‌లో హాజరై, ఆయుధము పట్టజాలనని చెప్పెను. గాయపడినవారికి సేవ చేయుటకు సిద్ధమనెను. ఆ కోరిక మన్నింపబడలేదు. లింట్స్ చెఱసాల నుండి బెర్లిను చెఱసాలకు మార్చిరి. ఏడాది క్రిందట ఫ్రాంజ్ రైనిష్ అను గురువు కూడ హిట్లరునకు ప్రమాణము చేయనిరాకరించి ప్రాణమిచ్చినాడని చెఱసాల గురువు చెప్పగా ఆతనికి గొప్ప ఊరట కలిగినది. న్యాయవాది నచ్చజెప్ప ప్రయత్నించెను; ఫలింపలేదు. జులై 6వ తేదీన సైనిక న్యాయస్థానము మరణశిక్ష విధించెను. ఆ నెలలో భార్య వచ్చి కొద్ది నిమిషములు చూచిపోయెను. ఆగస్టు 9వ తేదీన బ్రాండెన్‌బుర్గ్‌లో ఆతని శిరస్సు ఖండింపబడెను. ఆతని వయస్సు 36 సంవత్సరములు.

ఆ మరణము వలన యుద్ధము ఒక్క దినమైనను తగ్గలేదు. ఫ్రాంజిస్కా ముగ్గురు పసిపిల్లలతో పొలము దున్నించుకొనెను. ఊరివారు ఆమెనే తప్పుపట్టిరి. యుద్ధమున మరణించినవారి భార్యలకిచ్చు భృతి ఆమెకు 1950 వఱకు దక్కలేదు. మనస్సాక్షి చెప్పిన మాట విన్నవానికి అంతయు శుభమగునని మనమెవ్వరికిని మాట ఇయ్యలేము. ఖర్చును దాచి సరకును అమ్మువాడు నిజాయితీ గల వర్తకుడు కాడు.

అయినచో, మనస్సాక్షికిని మొండితనమునకును భేదమెట్లు తెలియును? రెండును తల వంచవు. చూచుటకు రెండును ఒక్కలాగుననే యుండును. ఈ రైతు చరిత్రను శ్రద్ధగా చూచినచో కొన్ని గుర్తులు మనకు దొరకును. మొండివాడు తన్ను సమర్థించువారినే వెదకును. ఫ్రాంజు తనతో విభేదించువారి యొద్దకే వెదకి పోయెను. మొండివాడు ఇతరులను నిందించును. ఫ్రాంజు సైన్యమునకు పోయిన పొరుగువారిని నిందింపలేదు, తన వలె చూచు భాగ్యము వారికి కలుగలేదని మాత్రము తలచెను. మొండివాడు అన్నిటికిని కాదనును; ఫ్రాంజు చేయదగిన సేవ ఏదైన నున్నచో చేయుదుననెను. మొండివాని పంతమునకు మూల్యము సాధారణముగా ఇతరులే చెల్లింతురు. ఈతని విషయమున భార్యాబిడ్డలు కూడ మూల్యము చెల్లించినమాట నిజమే. ఆ బాధను ఆతడు తేలికగా తీసికొనలేదు. ఆ బిడ్డల తండ్రిగా తాను అబద్ధమునకు దాసుడై మిగులుట మేలా యని కూడ ఆతడు తూచుకొనవలసి వచ్చినది.

తిరుసభయు ఈతనిని వెంటనే గుర్తింపలేదు. యుద్ధము ముగిసిన పిమ్మట కూడ మేత్రాణులు ఫ్లీసర్ గారు ఈతనిది ఒక విశేష ఉదంతమే గాని అందఱికి ఆదర్శము కాదని తలచిరి. 1964లో గోర్డన్ జాన్ అను అమెరికా సమాజ శాస్త్రవేత్త ఈతని చరిత్రను గ్రంథముగా వెలువరించెను. మఱుసటి సంవత్సరము వాటికన్ మహాసభ దృష్టికి ఈ రైతు పేరును తెచ్చినవారిలో, పూర్వము బొంబాయి అగ్రమేత్రాణులుగా నుండిన తోమాసు రాబర్ట్స్ గారు ముఖ్యులు. మనస్సాక్షి చేత ఆయుధము పట్టజాలని వారికి చట్టములు మానవత్వముతో దారి చూపవలెనని ఆ మహాసభ పలికెను. 1997లో బెర్లిను న్యాయస్థానము పాత మరణశిక్షను రద్దుచేసెను. 2007 అక్టోబరు 26వ తేదీన లింట్స్ ప్రధాన దేవాలయముననే తిరుసభ ఈతనిని ధన్యుడుగా ప్రకటించెను. 94 ఏండ్ల ఫ్రాంజిస్కా ఆ ఉత్సవమును కన్నులార చూచెను. ఆమె నూఱేండ్లు నిండిన పిమ్మట 2013లో కన్ను మూసెను.

ఈ చరిత్ర విని, "మనకంతటి పరీక్ష రాదులే" అని మనము ఊఱట పొందరాదు. అంతటి పరీక్ష రాకపోవచ్చును. ఆ త్రాసు పని మాత్రము దినదినము పడుచునే యుండును. పత్రముపై సంతకము చేయునపుడు, సాక్ష్యము చెప్పునపుడు, పనివానికి కూలి లెక్కకట్టునపుడు, ఎవరినో గూర్చి విన్న మాటను మరల చెప్పునపుడు మనము తూచుచునే యున్నాము. పెద్ద పరీక్ష దినమున క్రొత్త త్రాసు తయారు చేసికొనుటకు వ్యవధి యుండదు. అప్పటికి చేత ఏది యున్నదో దానితోనే తూచవలెను.

అందులకే ఈ శిక్షణము ఇంటనే, చిన్ననాడే మొదలు కావలెను. మొక్కయై వంగనిది మ్రానై వంగునా? సుమారు ఏడేండ్లకు బిడ్డకు మంచిచెడ్డల వివేకము కలుగునని పదవ భక్తినాథ పోపు గారు 1910లో స్పష్టపఱచి, ఆ వయస్సుననే దివ్యసత్ప్రసాదము స్వీకరింపవచ్చుననిరి. ఆ బిడ్డకు కథోలిక కుటుంబములలో రాత్రి పడుకొనుటకు ముందు ఆత్మశోధన నేర్పుదురు. ఆనాడు జరిగిన మేలునకు దేవునికి కృతజ్ఞత చెప్పుట, ఉదయము నుండి చేసిన పనులను, అన్న మాటలను తలచుకొనుట, తప్పునకు పశ్చాత్తాపపడుట, రేపటికి ఒక చిన్న నిశ్చయము చేసికొనుట. దీనికి పది నిమిషములకంటె ఎక్కువ పట్టదు. పునీత లొయొలా ఇగ్నేషియసు తన శిష్యులకు ప్రార్థన చేయ వీలు కానినాడు కూడ దీనిని విడువరాదని చెప్పెను. వర్తకుడు రాత్రి దుకాణము కట్టుటకు ముందు లెక్క చూచుకొనును. అది చూడనివాడు ఎంత నష్టపడినాడో సంవత్సరాంతమున గాని తెలిసికొనలేడు.

త్రాసు మఱియొక విధముగను చెడవచ్చును. కొందఱికి ప్రతి చిన్న విషయమును పాపముగనే తోచును, చేసినదానిని నూఱుసార్లు త్రవ్వుకొందురు, నిద్ర పట్టదు. ఇది సునిశితమైన మనస్సాక్షి కాదు. ఈగ వ్రాలినను ఊగిపోవు త్రాసు. ఇట్టివారు తమ తీర్పును తాము నమ్ముకొనక, అనుభవజ్ఞుడైన ఒక గురువు మాటను పట్టుకొని నడువవలెనని తిరుసభ పెద్దలు చెప్పుదురు. దేవుడు మన తప్పులకై పొంచియుండు అధికారి కాడు, మనలను తీర్చిదిద్దు తండ్రి యను నమ్మిక వారికి ఔషధము. ఇక ఏది ధర్మమో నిజముగా తేలని సందేహమున చేయదగినది ఒక్కటే: తేలువఱకు విచారింపవలెను, తెలిసినవారిని అడుగవలెను, సందేహముతోనే పనికి పూనుకొనరాదు.

తుదకు తల్లిదండ్రులకొక మాట. బిడ్డల మనస్సాక్షికి మనమిచ్చు పాఠములలో మన నోటి మాటలకంటె మన నడవడియే ఎక్కువ పని చేయును. మన మాట వినుమని నేర్పుట మంచిదే. ధర్మము మన మాటకంటె పెద్దదని కూడ మనమే నేర్పవలెను. ఏదో ఒకనాడు ఆ బిడ్డ మన యెదుట నిలిచి, "నాన్నగారూ, ఆ మాట నేను చెప్పలేను" అనవచ్చును. ఆనాడు మనకు చిన్నతనముగా నుండును. కోపము కూడ వచ్చును. అయినను ఆ బిడ్డను గద్దింపక, లేచి మనమే వాకిటికి పోయి, అప్పులవానితో ఉన్న నిజము చెప్పుకొందము. ఆ పూట ఆ ఇంట ఒక త్రాసు సరిగా నిలిచినది. దానిని మనము చెఱపకుందుము గాక.